లైబ్రరీవాళ్ల తాడులాగుడు

నంద్యాల ఊరి బయట ఉన్న యూనివర్సిటీ లైబ్రరీలో రాజేశ్వరి అసిస్టెంట్ లైబ్రేరియన్. నలభై ఏడేళ్ల మనిషి. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వస్తుంది, బస్సులోనే తిరిగి పోతుంది. ఆమె గురించి క్యాంపస్‌లో ఎవర్ని అడిగినా రెండు సంగతులు చెబుతారు. ఒకటి, ఆమె పట్టు పడితే వదలదు. రెండు, ఆమె మాట వినాలంటే పక్కకు పోయి చెవి పెట్టాలి. మొదటిది పుట్టుకతో వచ్చింది. రెండోది మాత్రం ఒకాయన పుణ్యమా అని వచ్చింది. ముందు ఆ కథ చెప్పాలి.

రాజేశ్వరి నాయన ఓబుళరెడ్డికి ఆళ్లగడ్డ దగ్గర నల్లరేగడి చేను ఉండేది. చేను మీదకంటే ఆయనకు బండలాగుడు ఎద్దుల మీద ఎక్కువ ప్రాణం. తిరునాళ్లలో పెద్ద బండరాతికి మోకు కట్టి ఎద్దుల జతలు పోటీపడి లాగుతాయి కదా, ఆ పోటీలు. మగపిల్లలు లేక కూతుర్ని వెంట తిప్పుకున్నాడనుకునేరు. ఇద్దరు కొడుకులున్నారు, కాని వాళ్ల గొంతుకు ఎద్దులు చెవి కూడా ఆడించేవి కావు. పావడా ఎగ్గట్టుకుని బండ పక్కన పరిగెత్తే ఈ పిల్ల కేక వేస్తే మాత్రం మెడలు వంచి కదిలేవి. ఆ కేకకు ఒక పద్ధతి ఉంది. ఊరికే గొంతు చించుకుంటే పశువు బెదురుతుంది. జత కాళ్లు నేలలో కుదురుకునేదాకా కేకను సాగదీయాలి. కుదురుకున్నాక పుటుక్కున తెంచాలి. తెంచినప్పుడే రెండెద్దులూ ఒక్కసారిగా లాగుతాయి. తన బిడ్డ కేక శిరివెళ్ల దాకా వినపడుతుందని ఓబుళరెడ్డి చెప్పుకునేవాడు. అంత దూరం వినపడదు గాని, కూతురి గురించి ఆ మాత్రం గొప్పలు పోవడం తప్పేమీ కాదు.

అలాంటి గొంతున్న పిల్ల లైబ్రరీ సైన్సు చదివి, పోయి పోయి లైబ్రరీలో ఉద్యోగానికి చేరింది. చేరిన మొదటి నెలలోనే బీరువాల అవతలున్న అటెండరు సంజీవయ్యను పిలవాల్సి వచ్చి, చేలో పిలిచినట్టే పిలిచింది. రీడింగ్ హాలంతా ఉలిక్కిపడి తలెత్తింది. అప్పటి లైబ్రేరియన్ గదిలోంచి వచ్చి, "ఇది చేను కాదమ్మా, లైబ్రరీ," అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆయన ఆ మాట సాయంత్రానికే మరిచిపోయుంటాడు. రాజేశ్వరి మరిచిపోలేదు. ఆ రోజు నుంచి గొంతు తగ్గించుకుంది. పట్టు పడితే వదలని మనిషి కదా, తగ్గించుకోవడంలోనూ అందర్నీ మించిపోయింది.

ఇంట్లో కూడా అదే గొంతు అలవాటైంది. కొన్నేళ్లకు ఓబుళరెడ్డికి చెవుడు వచ్చింది. ఆయన ఉండేది కూతురింట్లోనే. కూతురు ఏదో చెబుతుంది, ఆయన "ఏందీ?" అంటాడు, మనవరాలు ఉషశ్రీ మధ్యలో నిలబడి అమ్మ మాటను తాత చెవిలో గట్టిగా వేస్తుంది. తండ్రీకూతుళ్లు నేరుగా మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు. అది ఇద్దరికీ బాధే.

ఇక బుధవారం గంట సంగతి. కొన్నేళ్ల కిందట రాజేశ్వరే పట్టుబట్టి పెట్టించింది. ప్రతి బుధవారం మధ్యాహ్నం ఒక గంటసేపు పుస్తకాలిచ్చే కౌంటరు మూసేసి స్టాఫంతా కింది హాల్లో చేరతారు. ఒక వారం కంప్యూటరు పాఠం, ఒక వారం యోగా, ఒక వారం డాక్టరు వస్తారు. ఇంకో వారం ఊరికే కూర్చుని కబుర్లు, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇందులో ఏముంది అనిపించవచ్చు. అంతకుముందు ఆ లైబ్రరీని చూసినవాళ్లకు తెలుస్తుంది ఏముందో. ఎవరి బీరువాల మధ్య వాళ్లుండి, ఎవరి క్యారియరు వాళ్లు విప్పుకుని, గోడకేసి తిరిగి తిని లేచేవాళ్లు. బైండింగు సెక్షన్ కమలాక్షమ్మకు బీపీ ఉందని ఆ గంటలో వచ్చిన డాక్టరమ్మ చూసేదాకా ఎవరికీ తెలియదు. తలనొప్పి జిగురు వాసనకు వస్తోందనుకుని ఏళ్లు నెట్టుకొచ్చిందా మనిషి. మౌసు పట్టుకుంటే చెయ్యి వణికే సంజీవయ్య ఇప్పుడు ఏ పుస్తకం ఎక్కడుందో కంప్యూటర్లో తనే వెతికిపెడుతున్నాడు. కంప్యూటరు సెక్షన్ కుర్రాడు ప్రవీణ్‌కు కమలాక్షమ్మ జొన్నరొట్టె లేనిదే మధ్యాహ్నం ముద్ద దిగదు. ఇదంతా తన చేతి మీదుగా జరిగిందని రాజేశ్వరికి లోలోపల గర్వం. ఉండాల్సిందే మరి.

ఈ ఏడు కొత్త రిజిస్ట్రారు వచ్చాడు. పేరు జనార్దనం, నందికొట్కూరు వైపు మనిషి. చెడ్డవాడు కాదు, కాస్త ఎకసెక్కాలాడతాడు. గంటసేపు కౌంటరు ఎందుకు మూస్తున్నారని మీటింగులో అడిగాడు. రాజేశ్వరి తన మెల్లని గొంతుతో వివరంగా చెప్పుకొచ్చింది. మళ్లీ మళ్లీ చెప్పించుకున్నా ఆయనకు సగం వినపడలేదు, వినపడిన సగం నచ్చలేదు. స్టాఫ్ డే రోజు జరిగే తాడులాగుడులో ఏటా మొదటి ఆటలోనే బోర్లాపడేది లైబ్రరీవాళ్లని ఎవరో అప్పటికే ఆయన చెవిన వేశారు.

"తాడు పట్టుకుంటే ముందుకు పడేటోళ్లకు యోగా ఏం పని జేసినట్టు?" అన్నాడు. మీటింగంతా నవ్వింది.

రాజేశ్వరికి ఒళ్లు మండింది. ఈసారి ఆ మొదటి ఆట గెలిస్తే ఏమంటారని అడిగింది. గెలిస్తే గంట మీదే, ఆసనాలు వెయ్యడానికి నేనే వస్తా అన్నాడాయన. ఓడితే ఆ వారం నుంచే కౌంటరు తెరిచి ఉండాలన్నాడు. సరేనంది. ఎంత మాట ఇచ్చిందో బయటికి వచ్చాక గాని తెలియలేదు. తన ఒక్కదాని పౌరుషానికి అందరి గంటా పందెంలో పెట్టింది. తలవంచుకుని స్టాఫ్‌కు చెబితే, ఎవరూ తిట్టలేదు. కమలాక్షమ్మ, "మాటిస్తివి కదా, ఇంగ లాగేది నేర్చుకుందాం పా," అంది.

లైబ్రరీ వెనక బైండింగు షెడ్డు పక్కన ఖాళీ జాగా ఉంది. సాయంత్రాలు అక్కడ వేపచెట్టు మొదలుకు తాడు కట్టి లాగేవాళ్లు. చిక్కేమిటంటే రీడింగ్ హాలు కిటికీలన్నీ అటువైపే తెరుచుకుంటాయి. లోపల పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్లకు ఇబ్బంది కాకూడదని రాజేశ్వరి ఒక ఎర్ర చేతిరుమాలు పట్టుకుని పక్కన నిలబడేది. రుమాలు ఎత్తితే కాళ్లు తన్నిపెట్టాలి, దించితే లాగాలి. చివర్లో నడుముకు తాడు చుట్టుకుని సంజీవయ్య. ఎవరి నోటి నుంచీ చిన్న మూలుగైనా రాదు. అరచెయ్యి ఒరుసుకుపోయి ఒకసారి ప్రవీణ్ "అబ్బా" అంటే, కమలాక్షమ్మ అలవాటు కొద్దీ "ష్" అంది. ఇంత నిశ్శబ్దంగా తాడు లాగినవాళ్లు ఇంకెక్కడా ఉండరు. చేస్తున్న తప్పు అదేనని ఒక్కరికీ తట్టలేదు.

స్టాఫ్ డే రానే వచ్చింది. గ్రౌండులో షామియానాలు వేశారు, ఇంట్లోవాళ్లనూ భోజనానికి పిలిచారు. ఉషశ్రీ తాతను చెయ్యి పట్టుకుని తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. చీటీ తీస్తే లైబ్రరీకి మెయింటెనెన్స్ సెక్షన్ తగిలింది. మోటార్లు, ఇనుప పైపులు మోసే మనుషులు. మూడు సార్లు లాగాలి, రెండు సార్లు గెలిచినవాళ్లదే ఆట.

ఈల ఊదారు. రాజేశ్వరి రుమాలు ఎత్తింది. వేపచెట్టు కదలదు కాబట్టి అక్కడ నిటారుగా నిలబడి రుమాలు చూడొచ్చు. ఇక్కడ అవతలివాళ్లు గుంజేసరికి అందరూ వెనక్కి వాలారు, మొహాలు ఆకాశానికి తిరిగాయి, రుమాలు ఒక్కరికీ కనపడలేదు. ఒకరు లాగితే ఒకరు ఆగారు. రుమాలు కోసం తల తిప్పిన ప్రవీణ్ కాలు జారింది. కళ్లు మూసి తెరిచేలోగా అందరూ గీత అవతల దుమ్ములో ఉన్నారు. అంత పడినా నోరు మెదపలేదు. తాడు కూడా సప్పుడు గాకుండా లాగుతాండారే అని జనంలోంచి ఎవరో అన్నారు. స్టేజి మీద జనార్దనం కడుపు పట్టుకుని నవ్వాడు.

రాజేశ్వరికి తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఏం చెయ్యాలో కూడా తెలిసింది. కాని ఇక్కడ ఎలా చేసేది? స్టేజి నిండా పెద్దవాళ్లు, చుట్టూ పిల్లలు. పైగా తనకు వచ్చిన కేక ఒక్కటే, అది ఎద్దుల కేక. తోటి ఉద్యోగుల్ని ఎద్దుల్లా అదిలిస్తే వాళ్లేమనుకుంటారు? చేను కాదమ్మా అన్న మాట నిన్ననే విన్నట్టు చెవిలో మోగింది.

సంజీవయ్య దుమ్ము దులుపుకుంటూ దగ్గరికి వచ్చాడు. బండి ఆత్మకూరు వైపు రైతు ఇంట్లో పుట్టినవాడే. "మేడమ్, ఆ పొద్దు బీరువాల కాడ నన్ను పిలిచినారు సూడండి," అన్నాడు. "అట్ల పిలవండి. మేము లాగుతాం."

అన్నేళ్ల కిందటి పిలుపు అతనికీ గుర్తుందని ఆమె అనుకోలేదు. రుమాలు నడుంలో దోపుకుంది. రెండో ఈల మోగింది. మొదటి కేక జీరగా, సగంలో విరిగి బయటికొచ్చింది. రెండోది అలా కాదు.

"ఓ... హో...య్..."

సాగింది. షామియానా కింద మాటలు ఆగిపోయాయి. సంజీవయ్య మడమలు నేలలో దిగాయి. కమలాక్షమ్మ పళ్లు బిగించింది.

"...హై!"

తెగింది. తాడు ఒక్కసారిగా జానెడు వచ్చింది. మళ్లీ సాగదీసింది, మళ్లీ తెంచింది, మళ్లీ జానెడు. మెయింటెనెన్స్‌వాళ్లు బలవంతులే, కాని ఒకరి బలం ఒకరికి అందడం లేదు. గీత దాటి వచ్చారు. మూడోసారి గట్టిగానే నిలబడ్డారు. తాడు చాలాసేపు అటూ ఇటూ కాకుండా ఆగిపోయింది. అప్పుడు రాజేశ్వరి, చిన్నప్పుడు బండ పక్కన పరిగెత్తినట్టే తాడు పక్కన పరిగెత్తుతూ, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ కేక వేసింది. సంజీవయ్య చివరిసారి వాలాడు. ఎదుటివాళ్లంతా వరసగా మోకాళ్ల మీద పడ్డారు. కమలాక్షమ్మ, ప్రవీణ్ కింద కూర్చుని అరిచారు. అరిచేదాకా వాళ్లకు తెలియదు తమకు అంత గొంతు ఉందని. ఈసారి ఎవరూ ఎవర్నీ "ష్" అనలేదు.

జనార్దనం స్టేజి దిగి వచ్చాడు. నవ్వు పోలేదు గాని అది వేరే నవ్వు. "బుధవారం ఎన్ని గంటలకు రావాలమ్మా?" అన్నాడు. రాజేశ్వరి టైము చెప్పింది. ఈసారి ఆయన మళ్లీ చెప్పమనలేదు.

ఓబుళరెడ్డి కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో, మనవరాలి చెయ్యి వదిలించుకుని గ్రౌండు మధ్యదాకా నడిచొచ్చాడు. కూతురి మొహం చూశాడు. "ఇనపడింది అమ్మీ," అన్నాడు. "అంతా ఇనపడింది." కండువా కళ్లకు ఒత్తుకున్నాడు. ఎద్దులు గెలిచినప్పుడు కూడా ఆ మనిషి అలా చెయ్యలేదు.

సాయంత్రం ఆళ్లగడ్డ బస్సులో తండ్రి పక్కన రాజేశ్వరి కూర్చుంది, వెనక సీట్లో ఉషశ్రీ. ఆట ఎలా పోయిందో మొదటి నుంచీ చెప్పమన్నాడు ఓబుళరెడ్డి. ఆమె చెప్పసాగింది. రుమాలు సంగతి, ప్రవీణ్ జారిన సంగతి, సంజీవయ్య అన్న మాట. ఆయన ఒక్కసారి కూడా "ఏందీ" అనలేదు. ఉషశ్రీకి పని లేకపోయింది, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. శిరివెళ్ల దాటేసరికి కండక్టరు సీట్ల మధ్యనుంచి వచ్చాడు.

"అక్కా, రవ్వంత మెల్లగా మాట్లాడు. బస్సంతా ఇనపడతాంది."

"ఇది లైబ్రరీ కాదప్పా, బస్సు," అంది రాజేశ్వరి. అని నాయన వైపు తిరిగి, మూడోసారి లాగిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.