పచ్చోడి మేత

లూదియా నంద్యాలలో ఒక డాక్టరమ్మ ఇంట్లో వంటమనిషి. ఆ డాక్టరమ్మ కూతురు ప్రియదర్శిని ముచ్చటపడి ఇగువానా అనే పరదేశపు పెద్ద బల్లిని తెచ్చుకుంది. ముచ్చట పిల్లది, చాకిరీ లూదియాది. మొదట్లో ఆమె మొహం అటు తిప్పుకునే మేత పెట్టేది. మూరెడు పొడవున్న ఆ పచ్చని జంతువు మాత్రం ఆమె వేళ్ల మధ్య నుంచి మందార పువ్వును మెల్లగా అందుకుని, కళ్లు మూసుకుని నమిలేది. చూసి చూసి ఆమె మనసు కరిగింది. పచ్చోడు అని పేరు కూడా పెట్టింది. డాక్టరమ్మ కుటుంబం హైదరాబాదుకు మారేటప్పుడు, ఇంకెవరి చేత్తోనూ తినదని దాన్ని లూదియాకే ఇచ్చేశారు.

భర్త పోయాడు. కూతురు బనగానపల్లెలో కాపురం చేసుకుంటోంది. ఇంటికి రాగానే తలెత్తి చూసే ప్రాణి లూదియాకు అదొక్కటే. మునగాకు, గుమ్మడికాయ తురుము, మందారాలు పెడితే చాలు. గుడ్డు, మాంసం దగ్గరికి తెస్తే మూతి తిప్పుకునేది. వీధిలో వాళ్లకు ఇగువానా అంటే నోరు తిరగదు, అందరికీ అది ఉడుమే. ఎందుకొచ్చిన తంటా అని లూదియా కూడా "మా ఉడుము" అనేసేది. ఆ మాటే కొంప ముంచింది.

ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు వంగొద్దన్నారు. పచ్చోణ్ణి చూసేదెవరు? ఆళ్లగడ్డలో రాతి బొమ్మలు చెక్కే తమ్ముడు జీవరత్నం ఉండనే ఉన్నాడు. తల్లి లేని పిల్లవాడని ఆమె చంకనేసుకుని పెంచిన తమ్ముడు. తనే ఆటోలో వచ్చి గూడుతో సహా తీసుకుపోయాడు.

"నువ్వేం దిగులు పెట్టుకోవద్దక్కా. నా బిడ్డ మాదిరి చూసుకుంటా," అన్నాడు.

అయినా అక్క ఊరుకుంటుందా? ఆకులూ పూలూ తడిగుడ్డలో చుట్టి ఆళ్లగడ్డ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేది. సాయంత్రాలు ఫోను చేసేది. మరదలు బాలమ్మ ఓపిగ్గా చెప్పేది. "బాగా తింటాంది వదినా. ఒళ్లు గూడా చేసింది."

ఒకరోజు బాలమ్మకు ఉత్సాహం కాస్త ఎక్కువైంది. "నిన్న కోడిగుడ్డు పెడితే గుటుక్కున మింగేసింది వదినా. ఇంకోటి పెట్టమన్నట్టు చూస్తాండె."

లూదియా ఫోను పెట్టేసింది. గుడ్లు మింగేది ఉడుము, పచ్చోడు కాదు. డాక్టరు మాట పక్కన పెట్టి మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది.

తమ్ముడు బొమ్మలు చెక్కే షెడ్డులో గూడు ఉంది. గూట్లో ఒక కోడి పొదుగుతోంది. జీవరత్నం ఉలి కింద పెట్టి లేచాడు గానీ, అక్క మొహంలోకి చూడలేదు.

"యాడుండాదిరా?"

"నడుము పట్టేసిందక్కా. రాయి ముందర కూర్చోలేకపోతాంటి. ఉడుము కూర తింటే నడుము గట్టిపడతాదని అందరూ చెప్పిరి. నువ్వు గూడా ఉడుమనే అంటాంటివి గదా."

"ఎప్పుడు?"

"తెచ్చిన వారానికే."

ఆమెకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "అది ఉడుము కాదురా, ఆకులు తినేది. నువ్వు చెయ్యి చాపితే మేత పెడతావనే దగ్గరికొచ్చింటాది."

"నీ మనసు కష్టపడతాదని చెప్పలేదక్కా."

"సరే, చెప్పలేదు. ఆకు పంపొద్దనన్నా ఎందుకు చెప్పలేదు? కుట్లు సలుపుతాంటే మునగచెట్టు కింద నిలబడి కోసి పంపితి గదరా."

జీవరత్నం మళ్లీ ఉలి అందుకున్నాడు. మాటలు విని ఇంట్లోంచి వచ్చిన బాలమ్మే జవాబు చెప్పింది, అందులో దాచడానికేముంది అన్నట్టు. "లేతాకు వదినా, పప్పులోకి బాగుంటాండె. ఈ పొద్దు గూడా అదే చేసినా. కాళ్లు కడుక్కో, తిందువు."

జంతువును చంపినందుకు తమ్ముణ్ణి ఎప్పటికైనా క్షమించేదేమో. ఇన్ని సాయంత్రాలు తనను పిచ్చిదాన్ని చేసి నవ్వుకున్నారనే మాట మాత్రం ఆమెకు మింగుడు పడలేదు. కడుపు మీద చెయ్యి అదిమిపెట్టుకుని మెల్లగా బయటికి నడిచింది.

"అక్కా, అన్నం తినిపో," అని వెనక నుంచి పిలిచాడు జీవరత్నం.

"మీరే తినండిరా," అంది లూదియా, వెనక్కి తిరక్కుండానే. "రేపట్నుంచి బస్సులో ఆకు రాదు."