ఎంత బతిమాలినా వినవద్దు

గేటు పక్కన సెక్యూరిటీ గది అద్దానికి మా అత్తగారి ఫోటో అంటించింది నేనే. దాని కింద నాలుగు వాక్యాలు రాసిందీ నేనే. వానకు తడవకుండా లామినేషన్ కూడా చేయించాను.

“ఈ పెద్దావిడకు మతిమరుపు జబ్బు. ఒంటరిగా గేటు దాటనివ్వరాదు. వెంటనే కింది నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత బతిమాలినా, ఏ కథ చెప్పినా వినవద్దు.”

మొదటి మూడూ ఎవరైనా రాస్తారు. నాలుగోది నా సొంతం. రాశాక చదువుకుని ముచ్చటపడ్డాను కూడా.

అంతకు వారం ముందు ఒక మధ్యాహ్నం అత్తయ్య ఇంట్లోంచి వెళ్లిపోయింది. సిద్దిపేట వైపు సర్కారు బడిలో ముప్పై ఏళ్లు చిన్న తరగతులకు చదువు చెప్పిన మనిషి. ఇస్త్రీ చీర కట్టుకుని, ముడి వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, బడికి టైమైందని గేటు దగ్గర చెబితే ఆపే గార్డు ఎవరుంటారు? రెండు గంటలు వెతికాం. కొత్తగూడ ఫ్లైఓవర్ అవతల ఒక టిఫిన్ సెంటర్లో దొరికింది. ఆ హోటలాయన ఎవరో మంచివాడు, కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఎవరైనా వస్తారులే అని కూర్చోబెట్టాడు.

ఆ రోజు గేటు దగ్గర డ్యూటీలో ఉన్నది నారాయణపేట వైపు నుంచి పనికొచ్చిన ఒక ఆడమనిషి. అసోసియేషన్ వాళ్ల ముందు నిలబెట్టి ఆమెను కడిగేశాను. కళ్లున్నది దేనికి, యూనిఫాం వేసుకుంది దేనికి అన్నాను. అత్తయ్యను గోడకు ఆనించి నిలబెట్టి ఫోన్లో ఫోటో తీశాను. మా నిర్లక్ష్యం కాదు, వీళ్ల నిర్లక్ష్యం అని చూపించడానికి ఆ ఫోటో. ముడి ఊడిపోయి, జుట్టు మొహం మీద పడి, ఎండకు వాడిపోయి, ఎందుకు అరుస్తున్నానో తెలియక నా వంకే చూస్తోంది అందులో. గేటుకు అంటించింది ఆ ఫోటోనే. ఇంట్లో ఇంకో రెండు వందల ఫోటోలున్నాయి. ఇదైతే గార్డులకు భయం ఉంటుందనుకున్నాను.

మా క్లబ్ హౌస్‌లో నెలకో శనివారం పొద్దున ఒక సమావేశం జరుగుతుంది. ఇలాంటి జబ్బు ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకునేవాళ్లు వస్తారు, మియాపూర్ నుంచి, తెల్లాపూర్ నుంచి కూడా. నర్సుగా పనిచేసి రిటైరైన ఒకావిడ నడుపుతుంది. మెడలో ఆఫీసు ట్యాగు తీయకుండానే వచ్చి కూర్చుని, సగంలో ఫోన్ పట్టుకుని వరండాలోకి పోయేవాళ్లు సగం మంది. ఆవిడ ఓపికగా చెబుతుంది. వాళ్లతో వాదించకండి, నేనెవరో చెప్పు అని పరీక్షలు పెట్టకండి, వాళ్లు ఉన్న చోటికి మీరే వెళ్లండి అని. ప్రతి మాటకీ నేను అడ్డం తగిలేదాన్ని. తప్పు చెబితే సరిదిద్దకుండా ఎలాగండీ అనేదాన్ని. మాది కృష్ణా జిల్లా, వాళ్లది సిద్దిపేట. పప్పులో చింతపండు దగ్గర్నుంచి ఎలక్షన్ల దాకా పాతికేళ్లు మేమిద్దరం వాదించుకుంటూనే బతికాం. ఇప్పుడు అవతలి మనిషికి మాట దొరకడం లేదని నేను ఆపాలా?

ఫోటో పెట్టిన తర్వాతి సమావేశంలో లేచి నిలబడి దాని గురించి చెప్పాను. ఫోన్లో ఉన్న బొమ్మ అందరికీ చూపించాను. చప్పట్లు కొట్టారు. వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నారు, పెట్టాను. నాలుగు కుటుంబాలు నా వాక్యాలు అలాగే దింపుకుని వాళ్ల గేట్లకు అంటించుకున్నాయి. నర్సుగారు మాత్రం ఒకటే అడిగారు, మీ అత్తగారికి ఇంకా చదవడం వస్తుందా అని.

“చదువుతారండీ. కనపడిన బోర్డల్లా పైకి చదువుతారు. బుర్రలోకే ఏమీ వెళ్లదు,” అన్నాను.

కొందరు నవ్వారు. నవ్విస్తే నాకు హుషారు. ఆవిడ ఇంకేదో అనబోతుండగా నేను తర్వాతి సంగతికి వెళ్లిపోయాను.

ఎండలు ముదిరాయని సాకు పెట్టి మూడు వారాలు అత్తయ్యను కిందికే దింపలేదు. కాళ్లు పట్టేస్తున్నాయని డాక్టరు కోప్పడితే ఒక సాయంత్రం నడిపిద్దామని తీసుకెళ్లాను. గేటు దాకా బాగానే వచ్చింది. అద్దం దగ్గర ఆగిపోయింది.

చదివింది. క్లాసులో చదివినట్టే, ఒక్కో మాటా విడిగా, గట్టిగా. ‘బతిమాలినా’ దగ్గర ఆగింది. ‘వినవద్దు’ దగ్గర ఆగింది. పిల్లలకు ఎక్కేదాకా ఆగినట్టు. తర్వాత నా వైపు తిరిగింది.

“ఎవలే గీమె?”

“ఎవరో లెండి. పదండి అత్తయ్యా.”

“ఎవరో ఏంది? బతిమాలినా ఇనొద్దని రాసిన్రు. గంత తప్పేం జేసింది?”

ఆమె అద్దం మీద చెయ్యి పెట్టింది. ఫోటోలో జుట్టు పడిన చోట వేలితో పక్కకు తోసింది.

“తలకాయ గూడ దువ్వలే, పాపం. ఇంట్ల ఎవ్వలు లేరా గీమెకు?”

ముడి లేకుండా, బొట్టు చెరిగి ఉన్న తనను అత్తయ్య జన్మలో అద్దంలో చూసుకుని ఉండదు. ఎలా గుర్తుపడుతుంది? నేను చెయ్యి పట్టి లాగితే విదిలించుకుంది. ఆమెను కూడా మనతో తీసుకుపోదాం అంది. కుదరదన్నాను, టైమైందన్నాను, చీకటి పడుతుందన్నాను. ఆమెను వదిలేసి తాను గేటు దాటనని చెప్పి, వెనక్కి లిఫ్టు వైపు తనే ముందు నడిచింది.

నా పేరు మరిచిపోయింది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోతుంది. ఆ ఫోటోలో మనిషిని మాత్రం మరిచిపోలేదు. కిందికి వెళ్దామా అంటే చాలు, ఆమెను విడిచిపెట్టారా అని అడిగేది. లేదంటే తలుపు దాటేది కాదు. మా ఆయనకు చెప్పి, ఫోటో తీసేస్తానన్నాను. “తీసేస్తవ్. మల్ల పోతే?” అన్నాడు. అదీ నిజమే. ఊరికే అలా వదిలేశాం. పది రోజులు నడక లేక కాళ్లు వాచాయి.

తర్వాతి నెల సమావేశంలో ఎప్పటిలా ముందు వరసలో కూర్చోలేదు. మియాపూర్ నుంచి వచ్చే ఒక పెద్దాయన, భార్యను చూసుకుంటున్నాయన, నన్ను వెతుక్కుంటూ వచ్చి దండం పెట్టాడు. మా గేటుకు ఫోటో పెట్టినప్పటి నుంచి గుండె మీద చెయ్యి వేసుకుని స్నానానికి వెళ్లగలుగుతున్నానమ్మా, మీ పుణ్యమే అన్నాడు. ఆ మాటతో సగం చచ్చిపోయాను. అయినా లేచి, జరిగింది చెప్పాను. జీవితంలో మొదటిసారి నా మాట నేనే కాదంటూ మాట్లాడాను. సరిగ్గా రాలేదు.

ఆ పెద్దాయన మొహం వాడిపోయింది. “మా ఇంటిదానికి అక్షరం ముక్క రాదమ్మా. ఆమె చదివేది లేదు, బాధపడేది లేదు. నేనెందుకు తీసెయ్యాలి?”

నర్సుగారు నెమ్మదిగా అడిగారు. “ఆమె చదవదు, సరే. గేటు దగ్గర మిగతావాళ్లు చదువుతారు కదండీ. ఇప్పుడు ఆమెను ఎవరైనా పలకరిస్తున్నారా?”

ఇదివరకు వాకిట్లో పక్కింటి ఆడవాళ్లు కూర్చోబెట్టుకునేవాళ్లు, ఈ మధ్య ఎందుకో రావడం లేదు అన్నాడాయన. నాకు మా లిఫ్టు గుర్తొచ్చింది. గుడ్ ఈవెనింగ్ టీచర్ అని అరిచే మూడో అంతస్తు పిల్లలు, నడకకు దిగిన ఆ సాయంత్రం అత్తయ్య ఎక్కితే వాళ్లమ్మ వెనక్కి జరిగారు. నేను చూశాను. చూసి, పిల్లలు పెద్దవుతున్నారు, అల్లరి తగ్గింది అనుకున్నాను.

మియాపూర్ పెద్దాయన ఆ రోజు టీ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆయన ఫోటో తీసేశాడో లేదో నాకు తెలియదు. గ్రూపులో తీసేయమని రాశాను. ఇద్దరు తీసేశామన్నారు. మిగతావాళ్లు చదివి ఊరుకున్నారు. దింపుకోమని చెప్పేటప్పుడు ఎంత సులువుగా ఉందో.

అక్కడి నుంచి నేరుగా గేటు దగ్గరికి వెళ్లాను. ఆ నారాయణపేట ఆడమనిషే ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది, మళ్లీ ఏం తప్పు పట్టడానికి వచ్చానో అని. ఫోటో తీసేస్తున్నానన్నాను. తన బొటనవేలి గోరుతో తనే టేపు లేపింది.

“ఇది లేకున్నా టీచరమ్మను గుర్తువడ్తం మేడం. ఆపితే కొట్లాడ్తది. ఆటో వస్తది, జర కూసోండ్రి అంటే కూసుంటది. గప్పుడు మీకు ఫోన్ జేస్త. మీరు జల్ది దిగాలె, గంతే.”

మీరు జల్ది దిగాలె. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇంతవరకూ మా ఆయనకు కూడా చెప్పని సంగతి ఆమెకు చెప్పాను. ఆ మధ్యాహ్నం నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటున్నాను. కాల్‌లో ఎవరితోనో గట్టిగా వాదిస్తున్నాను, గెలుస్తున్నాను కూడా. గడియ తీసిన చప్పుడు వినిపించింది. చెప్పులు వేసుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది. ఈ మాట ముగించి చూద్దాంలే అనుకున్నాను. ముగించేసరికి ఇరవై నిమిషాలు.

ఆమె ఫోటోను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

“గా దినమే చెప్తే నేను గంతగనం ఏడ్వకపోదును కద మేడం,” అంది.

క్షమించమన్నాను. ఏం ఫికర్ లేదు అనలేదు ఆమె. అనాలని నేను ఎదురుచూడటం కూడా సిగ్గుగానే ఉంది. నంబరు రాసుకుని, ఫోటో నా చేతికిచ్చి, వచ్చిన కారుకు గేటు తీయడానికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఫోన్ వస్తే కాల్‌లో ఎవరున్నా, నేను ఎంత గెలుస్తున్నా, మధ్యలో వదిలేసి దిగుతున్నాను. వారానికి రెండు మూడుసార్లు. ఒక్కోసారి విసుక్కుంటూనే దిగుతాను, అది కూడా చెప్పాలి.

ఫోటో తీసేసిన సాయంత్రం అత్తయ్యకు ముడి వేసి, ఇస్త్రీ చీర కట్టి, ఆమెను విడిచిపెట్టారు రండి అని కిందికి తీసుకెళ్లాను. ఖాళీ అద్దం ముందు ఆగింది. లోపలికి తొంగి చూసింది.

“ఏదే ఆమె?”

“ఇంటివాళ్లొచ్చి తీసుకెళ్లారత్తయ్యా.”

“ఇన్ని దినాలకా?”

“ఆలస్యం చేశారు.”

“మరి నువ్వు ఊకున్నవా? గంత నోరు పెట్టుకోని తిట్టకపోయినవా ఆళ్లను?”

“తిడుతూనే ఉన్నానత్తయ్యా,” అన్నాను.

ఆమె నా మోచేయి పట్టుకుంది. గేటు దాటాం.