మొటిమలు చెరిపే వదిన

మా జిరాక్స్ షాపుకీ పక్కనున్న ఫోటో స్టూడియోకీ మధ్య ఒక్కటే గోడ. ఆ స్టూడియో నడిపేది మా వదిన. అసలు వరసకేమీ కాదు. ఇరవై ఏళ్లు పక్కపక్కన కూర్చుని ఒకరి డబ్బాలో అన్నం ఒకరం తింటే వరసలు వాటంతటవే కలుస్తాయి. ఫోటో తీయడానికి ఆవిడకి నిమిషం చాలు. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, అడిగినా అడగకపోయినా, మొటిమలూ మచ్చలూ కళ్ల కింద నలుపూ చెరిపేస్తుంది. "వచ్చినవాళ్లు నవ్వుతూ వెళ్లాలి కదా" అంటుంది. నా ఫోటోలో కూడా పదేళ్లు తగ్గించింది. నేనేమీ అభ్యంతరం చెప్పలేదు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆవిడ ఒక్కగానొక్క కూతురికి పదహారు దాటగానే మొహం నిండా మొటిమలు వచ్చాయి. ఇక సలహాలకి కొదవా? నిమ్మరసం రాయమన్నారొకరు, భగ్గున మంట. టూత్‌పేస్టు పెట్టమన్నారింకొకరు, చర్మం ఊడింది. ఆ ఇంకొకరు నేనే, ఒప్పుకుంటున్నాను. బ్యూటీపార్లర్ ఆవిడ పేరూ ఊరూ లేని డబ్బాలో ఏదో క్రీము ఇచ్చింది. వారంలో మొహం అద్దంలా తయారైంది. రాయడం మానగానే రెండింతలు లేచాయి. కోతిపుండు బ్రహ్మరాక్షసి కావడమంటే అదే.

అంతలో కాలేజీ ఐడీ కార్డుకి ఫోటో కావలసి వచ్చింది. వదిన అలవాటు చొప్పున కూతురి బుగ్గలు నున్నగా దిద్ది ఇచ్చింది. కార్డు వచ్చిన మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ కార్డునీ పిల్లనీ మార్చి మార్చి చూసి, "ఇది మీ చెల్లెలిదా అమ్మా? నీ కార్డు తీసుకురా" అన్నాడట. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారట.

పిల్ల తిన్నగా స్టూడియోకి వచ్చి కార్డు టేబుల్ మీద పెట్టింది. గోడకివతల నాకన్నీ వినపడుతూనే ఉన్నాయి.

"నీకు కావాల్సింది ఈ పిల్లే కదమ్మా. రేపట్నుంచి దీన్నే పంపించు కాలేజీకి."

ఆ రోజు నుంచి పిల్ల గది దాటలేదు. మూడు నెలల్లో నర్సింగ్ ప్రవేశపరీక్ష ఉంది. దానికోసం రెండేళ్లుగా చదువుతోంది. ఇప్పుడు దానికీ వెళ్లనంది.

ఈసారి వదిన ఎవర్నీ సలహా అడగలేదు, నన్ను కూడా. కూతుర్ని బతిమాలి, మొహానికి స్కార్ఫు కట్టించి, ప్రభుత్వాసుపత్రిలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. డాక్టరమ్మ ఆ పేరులేని డబ్బా చూడగానే చెత్తబుట్టలో పడేసింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉండుంటుంది. వంటింట్లోవి కూడా ఏవీ రాయకండి. రెండు పూటలా గాఢత తక్కువ సబ్బుతో కడుక్కో, రుద్దకు. మామూలు మాయిశ్చరైజర్ రాసుకో. రాత్రికి ఈ బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్, బఠాణీ గింజంత, మొటిమలొచ్చే చోటంతా పల్చగా. మొదట్లో రోజు విడిచి రోజు. గిల్లావంటే మచ్చ మిగులుతుంది."

"ఎన్నాళ్లకి తగ్గుతాయండీ?" అంది వదిన.

"రెండు నెలలైనా ఓపిక పట్టాలి. అప్పటికీ తగ్గకపోయినా, లోపల నొప్పిగా గడ్డలు కట్టినా మళ్లీ రండి."

మందుల షాపులో అన్నీ కలిపి పార్లర్ డబ్బా ఖరీదులో సగం కూడా కాలేదు.

మూడో వారానికి చర్మం పొడిబారి పొట్టు లేచింది. జెల్ తగిలి నీలం దిండు గలీబు మీద తెల్లటి మరకలు పడ్డాయి. "గలీబు తెల్లబడింది గానీ నా మొహం మారలేదు" అని పిల్ల ట్యూబు విసిరికొట్టింది. అప్పుడు అక్కరకొచ్చింది వదిన విద్యే. ఆసుపత్రికెళ్లిన రోజు నుంచి ప్రతి ఆదివారం కూతుర్ని అదే స్టూలు మీద, అదే లైటు కింద కూర్చోబెట్టి ఫోటో తీస్తోంది. ఒక్కటీ దిద్దలేదు. నాలుగింటినీ పక్కపక్కన పెట్టింది.

"రోజూ అద్దంలో చూసుకుంటే తెలీదే. ఆ గడ్డం మీద ఎన్నున్నాయో లెక్కపెట్టు."

పదకొండు, పన్నెండు, పది, ఎనిమిది. పిల్ల రెండోసారి కూడా లెక్కపెట్టుకుని, వెళ్లి మంచం కింద ట్యూబు వెతుక్కుంది.

పరీక్ష నాటికి అన్నీ పోలేదు. ఎడమ బుగ్గ మీద మూడు, నుదుటి మీద ఒకటి, అక్కడక్కడా పాత మచ్చలు మిగిలాయి. హాల్‌టికెట్ మీద అతికించే ఫోటోని వదిన ఉన్నదున్నట్టే ప్రింటు తీసి ఇచ్చింది. పరీక్ష కేంద్రం గేటు దాకా ముగ్గురం వెళ్లాం. పిల్ల స్కార్ఫు విప్పి అమ్మ చేతికిచ్చింది. గేటు దగ్గరున్న ఆవిడ ఫోటో చూసి, మొహం చూసి, "వెళ్లమ్మా" అంది. అంతే, పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

నేను సంబరంగా వెనక్కి తిరిగేసరికి వదిన ఏడుస్తోంది.

"ఇంకెందుకు వదినా? లోపలికెళ్లింది కదా."

"నెలల పిల్లప్పుడు తీసిన మొదటి ఫోటోలోనే దాని నుదుటి మీద పుట్టుమచ్చ చెరిపేశాను" అంది వదిన. "పదిహేడేళ్లలో దాని మొహాన్ని దానికి ఉన్నదున్నట్టు ఇచ్చింది ఈ మూడు నెలల్లోనే."