వంతెన కర్నల్

ఊళ్లో అందరూ ఆయన్ని వంతెన కర్నల్ అనేవారు. పాలు పోసే మనిషి దగ్గర్నుంచి బస్సు కండక్టర్ దాకా ఆ పేరు తెలియనివాళ్లు లేరు. కోటు మీద పతకం పెట్టుకుని పొద్దున్నే నడకకు బయల్దేరితే, ఎదురొచ్చినవాళ్లు సైకిలు దిగి పక్కకు నిలబడేవారు. ఆయన తల పంకించి సాగిపోయేవాడు. ఆయన నవ్వాలంటే పైనుంచి ఆర్డర్ రావాలని, కింద పనిచేసిన సిపాయిలు చాటుగా చెప్పుకుని నవ్వుకునేవారు.

ఆయనేమీ ఆఫీసర్ల ఇంట్లో పుట్టలేదు. తండ్రి దర్జీ. కంటోన్మెంట్ గేటుకి ఎదురుగా ఇరుకు కొట్టు, అందులో ఒక మిషను, బొగ్గుల ఇస్త్రీపెట్టె, గోడకి వేలాడే సగం కుట్టిన యూనిఫాంలు. ఆఫీసర్లు కొలతలివ్వడానికి వస్తే తండ్రి మోకాళ్ల మీద కూర్చుని ప్యాంటు అంచులు మడిచి గుండుసూదులు గుచ్చేవాడు. వాళ్లు ఆయన నెత్తి మీదుగా ఏవో కబుర్లాడుకునేవారు. మూల కూర్చుని గుండీలు కుట్టే కొడుక్కి అది చూస్తే తండ్రి మీద జాలి కలిగేది కాదు, ఒళ్లు మండిపోయేది. ఎలాగైనా తను నిలబడి ఉండేవాళ్ల వైపు చేరాలనుకున్నాడు. పట్టుబట్టి చదివి సైనిక అకాడమీలో సీటు తెచ్చుకున్నాడు.

శిక్షణ ముగిసి కవాతు జరిగిన రోజున తండ్రి వచ్చాడు. తను కుట్టుకున్న కొత్త చొక్కా వేసుకుని, ఆఫీసర్ల కుటుంబాల మధ్య చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. అకాడమీ పెద్ద అటుగా వచ్చి, “ఈయనెవరు?” అని అప్పుడే లెఫ్టినెంట్ అయిన కొడుకుని అడిగాడు.

“మా ఊరి టైలర్ సార్. యూనిఫాం సరిగ్గా కుదిరిందో లేదో చూద్దామని వచ్చాడు.”

తండ్రికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కొడుకుని ఇబ్బంది పెట్టలేదు. అలవాటైన మోకాళ్ల మీదికి వంగి, కొడుకు ప్యాంటు అంచు సర్ది, “సరిగ్గానే ఉంది సార్” అన్నాడు. ఆ సాయంత్రం బండికే వెళ్లిపోయాడు. మళ్లీ కొడుకు గడప తొక్కలేదు. కొడుకూ రమ్మనలేదు.

కెప్టెన్ అయ్యాక ఒక స్టేషన్ మాస్టరు కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. ఆమెకి తల్లి లేదు. చిన్నప్పటినుంచీ తమ్ముణ్ణి చంక దించకుండా పెంచింది ఆమే. ఆ తమ్ముడికి బావంటే దేవుడు. బావలా నడిచేవాడు, బావలా జుట్టు కత్తిరించుకునేవాడు, చివరికి బావలాగే సైన్యంలో చేరి లెఫ్టినెంట్ అయ్యాడు. సరిహద్దులో గొడవలు ముదురుతున్నాయని తెలిసి అక్క భర్తని బతిమాలింది.

“వాణ్ణి మీ కంపెనీలోనే వేయించుకోండి. మీ కళ్లముందుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.”

“సరే” అన్నాడాయన. వేయించుకున్నాడు.

యుద్ధం వచ్చింది. మొదటి వారాల్లోనే సైన్యం వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అందరూ దాటేదాకా నది మీది వంతెనని కాపాడి, ఆపైన పేల్చేయాలని కెప్టెన్‌కి ఆజ్ఞ. దళాలన్నీ దాటాయి. వెనక కాపలాగా బావమరిది, అతనితో ఒక చిన్న గుంపు మాత్రం అవతల మిగిలారు. నది పొంగి ఎర్రగా పారుతోంది.

మధ్యాహ్నం దాటాక అవతల దిక్కున దుమ్ము లేచింది. కెప్టెన్ దుర్భిణీలో చూశాడు. శత్రువు ట్యాంకులేనని తేల్చి పై ఆఫీసుకి రేడియోలో చెప్పేశాడు. మందుపాతరల పని చూసే సార్జెంట్ పక్కనే ఉన్నాడు.

“ఇంకాస్త చూద్దాం సార్. లెఫ్టినెంట్ గారు బయల్దేరారట.”

అంతలో రేడియో గరగరలాడింది. బావమరిది ఆయాసపడుతున్నాడు. “సార్, వచ్చేస్తున్నాం. దెబ్బలు తగిలినవాళ్లు ఇద్దరున్నారు, మోసుకొస్తున్నాం. అందుకే ఆలస్యం.” కాసేపాగి, ఎన్నడూ లేనిది, “ఆగు బావా” అన్నాడు.

“రేడియోలో బావలుండరు” అని కెప్టెన్ దాన్ని కట్టేశాడు. సార్జెంట్ వైపు తిరిగి, “పేల్చు” అన్నాడు.

వంతెన నడుం విరిగి నదిలో కూలింది. పొగ విడిపోయాక అవతలి గట్టున బావమరిది కనిపించాడు. భుజం మీద ఒకణ్ణి వేసుకుని నిలబడ్డాడు. అతని వెనకే దుమ్ము కూడా చేరింది. అందులోంచి పశువుల మంద బయటపడింది. మూటలూ పిల్లలూ ఎత్తుకుని పారిపోయి వస్తున్న జనం, వాళ్లు తోలుకొస్తున్న ఆవులూ మేకలూ. ట్యాంకు అన్నది లేదు.

సార్జెంట్ రేవులో కట్టి ఉన్న పడవ దగ్గరికి పరిగెత్తాడు. “నేను వెళ్తాను సార్. చీకటి పడేలోగా రెండు మూడు విడతల్లో అందర్నీ తెచ్చేస్తాను.”

“పడవ కదలకూడదు.”

“సార్, వాళ్లు మనవాళ్లు.”

“కదిలితే నిన్ను కాల్చేస్తాను.” కెప్టెన్ గొంతు పెంచలేదు. ట్యాంకులు వచ్చాయని పైకి చెప్పేశాడు. అవతల ఉన్న ప్రతి మనిషీ ఆవుల్ని చూసినవాడే.

శత్రువు మర్నాడు వచ్చాడు. అప్పటికి ఊరిజనం ఎటో చెదిరిపోయారు. సిపాయిలు గట్టునే ఉన్నారు. ఈదగలిగినవాళ్లు ఈదడానికి చూశారు గాని ప్రవాహం వాళ్లని లాక్కుపోయింది. బావమరిది దెబ్బలు తగిలిన ఇద్దర్నీ వదిలి రాలేదు. కెప్టెన్ ఇవతలనుంచి దుర్భిణీలో చివరిదాకా చూసి, ఇక ఎవరూ మిగల్లేదని నిర్ధారించుకున్నాకే అక్కణ్ణుంచి కదిలాడు.

పతకం వచ్చింది. సొంత బావమరిదిని పణంగా పెట్టి సైన్యాన్ని కాపాడాడని పత్రికలు రాశాయి. సభలో భార్య ముందు వరసలో కూర్చుని, అందరితోపాటు చప్పట్లు కొట్టింది. ఇంటికి వచ్చాక బూట్లు విప్పుకుంటూ ఆయన ఆమెతో అన్నాడు:

“నీ దగ్గర దాచడమెందుకు. నీ తమ్ముడు పరిగెత్తి వస్తే దాటేవాడే. భయంతో కాళ్లు చచ్చుబడి కూర్చున్నాడు. రేడియోలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మీ పరువు పోతుందని వీరమరణం అని రాయించాను.”

ఆమె ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, “మీ రుణం తీర్చుకోలేను” అంది.

ఆ ఒక్క అబద్ధం మీద ఆయన జీవితాంతం కాపురం చేశాడు. ఆమె దేనికైనా ఎదురు చెప్పబోతే, “మీ ఇంటి ధైర్యం చూశాంలే” అనేవాడు. కూతురు చీకటికి జడిస్తే, “మేనమామ పోలిక” అని గదిలో పెట్టి గొళ్లెం వేసేవాడు. ఆమె తలుపు బయట నిలబడి వినేది గాని తీసేది కాదు. తమ్ముడి ఫొటోని తనే గోడమీంచి దించి పెట్టె అడుగున పెట్టేసింది. ఆయన మేజరయ్యాడు, కర్నలయ్యాడు, కొత్త సిపాయిల శిక్షణ కేంద్రానికి అధిపతయ్యాడు. అక్కడ ఎండలో పడిపోయిన కుర్రాళ్లని లేపనిచ్చేవాడు కాదు.

రిటైరయ్యాక రెజిమెంటు వాళ్లు విందు ఇచ్చారు. ఒక ముసలాయన కర్ర ఊతంతో ఆమె దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు. వంతెన పేల్చిన సార్జెంట్.

“మీ తమ్ముడిలాంటి ఆఫీసర్ని నేను మళ్లీ చూళ్లేదమ్మా. దెబ్బ తిన్నవాణ్ణి భుజాన వేసుకుని ఎలా నిలబడ్డాడో! పడవ పంపి ఉంటే బతికేవాడు.”

ఆమె చేతిలో గ్లాసు కింద పెట్టింది. “ఏం పడవ?”

ముసలాయన బిత్తరపోయాడు. “మీకు తెలుసనుకున్నానే” అన్నాడు. అప్పుడామె ఆయన్ని ఒక పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఒక్కొక్కటే అడిగి అంతా చెప్పించుకుంది. హాలు మధ్యలో కర్నల్ మెడలో దండ వేయించుకుంటున్నాడు.

ఆమె ఇంటికొచ్చి ఏమీ అనలేదు. అన్నం వడ్డించింది, మందులిచ్చింది. అడిగితే ఆయన ఏం చెబుతాడో ఆమెకి తెలుసు. కాబట్టి ఊరుకుంది. కొన్నేళ్లకి ఆయన బుర్ర మసకబారింది. మొదట మనుషుల పేర్లు పోయాయి, తర్వాత ఏ గది ఎటో తెలియకుండా పోయింది. చివరికి ఒక్కటి మిగిలింది. రోజూ ఎండ వాలేసరికి వరండాలోకొచ్చి కటకటాలు పట్టుకుని వీధిలోకి చూస్తూ అడిగేవాడు.

“అందరూ దాటారా?”

“దాటారని చెప్పండి, శాంతిస్తారు” అన్నాడు డాక్టరు. ఆమె తల ఊపింది. ఆ సాయంత్రం ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

“అందరూ దాటారా?”

“లేదండీ. మా తమ్ముడు అవతలే ఉన్నాడు.”

“పడవ పంపండి.”

“మీరే వద్దన్నారు కదండీ.”

“నేనా?”

“మీరే. కాల్చేస్తానన్నారు కూడా.”

ఆయన కటకటాల మీద తల ఆనించి ఏడ్చాడు. మర్నాటికి అంతా మరిచిపోయేవాడు. ఎండ వాలగానే మళ్లీ అడిగేవాడు. ఆమె ఏ పనిలో ఉన్నా చేతులు తుడుచుకుని వచ్చి, అదే జవాబు, అదే మెత్తటి గొంతుతో చెప్పేది.

సాయానికి పెట్టుకున్న నర్సు చూడలేక ఒకరోజు, “అందరూ దాటేశారు సార్” అంది. ఆయన మొహం విప్పారింది, కూర్చున్నచోటే నిద్రపోయాడు. ఆమె నర్సుని ఆ పూటే పంపించేసింది. విషయం తెలిసి కూతురు పరిగెత్తుకొచ్చింది. తల్లి దాచకుండా మొత్తం చెప్పింది.

“నాన్న దుర్మార్గుడే అమ్మా, కాదనను. నాకు తెలీదా? కానీ ఇప్పుడక్కడ ఉన్నది ఆయన కాదు. ఏమీ గుర్తులేని ముసలివాడు. ఎవర్ని శిక్షిస్తున్నావు?”

“గుర్తులేకపోతే అడుగుతాడెందుకు?”

“ఒక్కసారి అవునను. ఒక్కసారి.”

“వాడూ ఒక్కసారే అడిగాడు, ఆగమని.”

ఆయన వానాకాలంలో పోయాడు. చివరి రోజుల్లో మాట పడిపోయింది. పెదవులు మాత్రం కదిలేవి. ఆమె వంగి, చెవి దగ్గర నోరు పెట్టి జవాబు చెప్పేది. సైన్యం వచ్చి తుపాకులు పేల్చి గౌరవ వందనం చేసింది. ఎవరో పెద్ద ఆఫీసర్, ఇంతటి వీరుడి వెనక ఇంతటి సహనశీలి ఉండబట్టే అని ఆమెని పొగిడాడు. ఆమె చేతులు జోడించింది.

అందరూ వెళ్లిపోయాక కూతురు సంచి సర్దుకుంటూ, తల్లి వైపు చూడకుండా అడిగింది.

“ఇప్పుడు తృప్తిగా ఉందా?”

తల్లి నిజంగానే ఆలోచించింది. “లేదే” అంది. “ఇంకో రెండేళ్లుంటే బాగుండేది.”

కూతురు సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. గేటు దగ్గర ఆగలేదు. ఆ తర్వాత ఆ ఇంటికి ఎన్నడూ రాలేదు.