పిన్ని అప్పడాల కర్ర

శ్రీకాకుళంలో మా పక్కింటి పిన్ని అనగానే నాకు అప్పడాల కర్రే గుర్తొస్తుంది. మా తమ్ముడి హార్డ్ రాక్ బ్యాండు మా ముందుగదిలో సాధన మొదలుపెట్టగానే, ఆవిడ ఉమ్మడి గోడను ఆ కర్రతో ధడధడా బాదేది. నేనా, ఊరుకునే రకాన్ని కాను. "గోడ నీ ఒక్కదానిదా పిన్నీ?" అని వీధిలోనే తగువుకు దిగేదాన్ని.

మొదటి ఆల్బం తర్వాత బ్యాండు వాళ్ళు విశాఖపట్నం వెళ్ళిపోయారు. అక్కడ వాళ్ళ పాటలు జోలపాటల్లా మెత్తబడిపోయాయి. ఆ కుర్రాళ్ళు పిన్ని బాదుడికి జడిసే అలా తయారయ్యారని ఏళ్ళ తరబడి ఆవిణ్ణి దెప్పాను.

పోయినేడాది వాళ్ళ కొత్త ఆల్బం వచ్చింది. మళ్ళీ అదే పాత మోత, గొంతు చించుకునే అదే పాట! పిన్నికి బుద్ధొచ్చేలా స్పీకరును గోడకు ఆనించి, సౌండు పూర్తిగా పెంచాను. రెండు పాటలు అయిపోయినా అటునుంచి చప్పుడు లేదు. ముసలావిడకు ఏమైందోనని పరుగెత్తాను.

పిన్ని గోడకు చెవి ఆనించి నిలబడి ఉంది. కర్ర చేతిలోనే ఉంది.

"కొట్టలేదేం పిన్నీ?"

"డబ్బాలో పాటకి కొడితే ఏటొస్తాదే? నాను కొడితే ఆ కుర్రోల్లు పంతానికి ఇంకా గట్టిగా వాయించీవోరు. అందుకే కదే కొట్టీదాన్ని!"

పిన్ని కర్రను నా వైపు ఊపింది.

"నోరెల్లబెట్టి సూస్తావేటే? తమ్ముడికి ఫోన్ సెయ్యి. నా సెయ్యి ఆడతన్నప్పుడే ఓపాలి అందర్నీ రమ్మను."