పెద్దమ్మ చేతులు ఆగిన చోటు

మైదుకూరులో పంచే కరపత్రాల్లో సగం మహిమ అనే ఆమె రాసినవే. ఆ సంగతి చదివేవాళ్లకు తెలియదు. కాగితం పైన సరుకు పేరుంటుంది, అడుగున ప్రెస్సు పేరుంటుంది. మధ్యలో ఉన్న మాటలు ఎవరివని అడిగే అలవాటు మనకు లేదు. బడులవాళ్లు, చీరల దుకాణాలవాళ్లు, పురుగుమందుల అంగళ్లవాళ్లు ఓబుళేశు ప్రెస్సుకు వస్తారు. ఓబుళేశు అచ్చు వేస్తాడు. కంప్యూటరు ముందు కూర్చున్న మహిమ రాస్తుంది. జీతం మాత్రం టైపు చేసినందుకే.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పటి నుంచి ఆదివారాలు చర్చిలో ఆడవాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం వింటూ పెరిగింది. దేవుడు చేసిన మేలు వాళ్లు చివర్లో చెబుతారు. ముందు బిడ్డ జ్వరం, దొరకని కూలి, మొగుడి తాగుడు. వినేవాళ్లు ఆ జ్వరం దగ్గరే దొరికిపోతారు. మహిమ కరపత్రమూ అంతే. చదివేవాడి బాధ ముందు, సరుకు పేరు తర్వాత.

రాసింది తగులుతుందో లేదో చూసుకోవడానికి ఆమెకు పెద్దమ్మ ఉంది. తల్లికి సొంత అక్క, పక్కిల్లే. బోరు కింద ఎకరా ఎర్రగడ్డలు, అంటే ఉల్లి, వేస్తుంది. మిగతా రోజుల్లో విత్తనానికి శెనక్కాయలు వలిచే కూలికి పోతుంది, కొన్ని ఇంటికి తెచ్చుకుని వలుస్తుంది. అక్షరం రాదు. సాయంత్రం మహిమ గడపలో కూర్చుని ఆ రోజు రాసింది చదువుతుంది. పెద్దమ్మ చేతులు ఆడుతూనే ఉంటే ఆ వాక్యం కొట్టేస్తుంది. ఆగితే ఉంచుతుంది.

“పండ్ల డాక్టరు కాగితం మాత్రం నాకు సదవొద్దు మ్మే,” అనేది పెద్దమ్మ. “నాకు ఉండేవే నాలుగు.”

పోయినేడు భూపేష్ కంపెనీ కరపత్రం వచ్చింది. భూపేష్ వాళ్లది ఒకప్పుడు పెద్ద సేద్యం. ఇప్పుడు భూములు కౌలుకిచ్చి, నేలకు బలమిస్తుందంటూ ఒక మందు సీసాల్లో నింపి అమ్ముతున్నారు. సేద్యం మానగలిగినవాళ్లు, మానలేనివాళ్లకు అమ్మే వ్యాపారం ఇది. మహిమ ఇలా రాసింది: “నీ ఎర్రగడ్డ పిడికిట్లో ఇమిడిపోతే తప్పు నీది కాదు. నీ నేల ఆకలితో ఉంది.”

పెద్దమ్మ చేతులు ఆగాయి. చాలాసేపు ఆగాయి. మహిమ సంతోషపడింది.

గడ్డలు పెరికే రోజుల్లో ఆమె పెద్దమ్మ ఇంట్లోకి పోతే, గోడ వారగా అవే సీసాలు, కడిగి బోర్లించి ఉన్నాయి.

“ఇవి యాడివి పెద్దమ్మా?”

“అంగట్లో తెచ్చినా. నువ్వే సదివినావు గదా.”

“నేను ఊరికే సదివినా. ఎట్లుందో సూద్దామని.”

“నాకేం తెలుసు మ్మే? నేలకు ఆకలంటివి. పశువుల ఎరువుకు పెట్టే దుడ్లు దీనికి పెడితి.” పెద్దమ్మ ఒక గడ్డ తీసి చూపించింది. వేళ్లు మూస్తే కనపడలేదు. “మందు మంచిదే అయ్యుంటాది. నాకే పొయ్యను శాతగాలేదేమో.”

ఆ మాట మహిమను వదల్లేదు. ఆవిడ తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఈ ఏడు మళ్లీ భూపేష్ వచ్చాడు.

“పోయిన కాగితం బాగా పోయింది మహిమా.”

“మా పెద్దమ్మకు పని చెయ్యలేదు సార్. ఆ సీసాలో ఏముండాది?”

“నీకెందుకు మ్మా, నువ్వేమన్నా తాగుతావా?” నవ్వి, ఫోను చూపించాడు. “ఈసారి అడిగితే ఫోనే రాసిచ్చింది. సప్పగా ఉండాది. కొంచెం ఉప్పూ కారం వెయ్యి. కింద ఒక సాక్ష్యం గావాల. మీ చర్చిలో చెప్తారే, అట్లా. మీ పెద్దమ్మ ఫోటో పెడదాం. సేద్యం చేసే ముసలామె మాట పది ఊర్లు నమ్ముతాయి.”

అతను పోయాక ఓబుళేశు మెల్లగా అన్నాడు. “మన ప్రెస్సు నడిచేదే ఆయన పనుల మీద పాపా. చూసుకో.”

మహిమ కాదనలేదు. కాదనడానికి కూడా కొంత ఓపిక కావాలి. ఇంట్లో ఇద్దరు చదివే పిల్లలు, నడుం పడిపోయిన భర్త యేసుప్రసాద్. మధ్యాహ్నం కూర్చుని, చెయ్యి తిరిగిన పని కాబట్టి, సులువుగానే రాసేసింది. సాయంత్రం అలవాటుగా గడపలో కూర్చుంది.

ఫోను రాసిన ముక్క చదువుతున్నంతసేపూ శెనక్కాయలు టపటపా పగులుతూనే ఉన్నాయి. తర్వాత తను రాసింది మొదలుపెట్టింది. “నాకు చదువు రాదు. నాకున్నది ఎకరా నేల. నేను తిన్నా తినకపోయినా దాని కడుపు చూసుకున్నాను. ఈ ఏడు అది నా కడుపు చూసుకుంది.”

చేతులు ఆగాయి.

“ఎవురు మ్మే ఆమె?”

మహిమ కాగితం వైపే చూస్తూ చెప్పింది. “నువ్వే పెద్దమ్మా.”

పెద్దమ్మ ఒళ్లో పడిన పొట్టు దులుపుకుంది.

“బాగనే రాసినావు. ఎవురో అదృష్టవంతురాలు అనుకుంటి.”

మళ్లీ వలవడం మొదలుపెట్టింది. కోపం లేదు, దెప్పడం లేదు. మహిమ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చించి, పొట్టు గంపలో వేసింది.

మర్నాడు భూపేష్ ఫోను చేశాడు. “ఉప్పు వేసినావా?”

“లేదు సార్. ఫోటో ఇయ్యను. ఆ మందుకు ఇంక ఒక్క ముక్క గూడా రాయను.”

“నువ్వు రాయకపోతే ఆగిపోతాదా?”

“ఆగదు సార్.”

ఆగలేదు. ఆ సప్పటి కాగితమే ప్రొద్దుటూరులో వేరే ప్రెస్సులో అచ్చయింది, వేరే ఎవరి ఫోటోతోనో. ఓబుళేశు వారం ఓపిక పట్టి, ఇకమీదట ఒక్క పూటే రమ్మన్నాడు, సగం జీతానికి. ఆయన్నూ తప్పు పట్టలేను. కానీ సీసాలో ఏముందని అడిగిన మనిషి కూలి తెగింది, చెప్పనివాడి వ్యాపారం నడుస్తోంది. దీన్ని మాత్రం ఎవరి తలరాత అనో సరిపెట్టుకోలేను.

ఆ సాయంత్రం మహిమ తొందరగా ఇంటికొచ్చి గడపలో కూలబడింది.

“ఈపొద్దు ఏం తెచ్చినావు సదవను?” అడిగింది పెద్దమ్మ.

“ఏమీ లేదు పెద్దమ్మా.”

పెద్దమ్మ ఆమె మొహం చూసింది. చేట ఇద్దరి మధ్యకు జరిపింది.

“అయితే వలువు. చేతులు ఖాళీగనే ఉండాయి గదా.”