తోక చెరిపిన సకినం

వదిన చుట్టిన సకినానికి ఉన్న తోకను నేనే చెరిపేశాను. కంప్యూటర్ ముందు కూర్చుని, మౌసు పట్టుకుని, రెండు నిమిషాల్లో. అది తప్పని ఆ రోజు ఎవరైనా చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. అందులో ఎంత తప్పు ఉందో ఇప్పటికైనా నాకు పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

కరీంనగర్‌లో నాకు ఫ్లెక్సీలు, అట్టడబ్బాలు ప్రింటు చేసే చిన్న దుకాణం ఉంది. బోర్డు కోసం వచ్చినవాళ్లకు ఒక సలహా కూడా ఇస్తుంటాను. పేరు ఒక్కటే ఉండాలి, రంగు ఒక్కటే ఉండాలి, బండి మీద పోయేవాడు కూడా చూడగానే గుర్తుపట్టాలి. టైర్ల దుకాణానికీ అదే చెప్పాను, పళ్ల డాక్టరుకూ అదే చెప్పాను. ఆ మాటల్లో తప్పేమీ లేదు. సొంత ఇంటి సరుకు దగ్గరికి వచ్చేసరికి వాటిని నేను ఎలా తలకిందులు చేశానో, అది మాత్రం ఎన్నిసార్లు తలచుకున్నా అంతు చిక్కదు.

మా అన్న గల్ఫ్‌లో నడుం దెబ్బతిని తిరిగొచ్చాక, హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో ఇల్లంతా వదిన చేతుల మీదే నడుస్తోంది. అంతకుముందు చాలా ఏళ్లు ఆమె బీడీలు చుట్టింది. తంబాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఇక ఆకు ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాక సకినాలు మొదలుపెట్టింది. నాలుగు పెళ్లిళ్లకు చేసేసరికి పేరొచ్చింది. బోర్డు లేదు, డబ్బా లేదు, పాత న్యూస్ పేపర్లో కట్టి ఇచ్చేది. అయినా ఎక్కడెక్కడి నుంచో వచ్చి బస్టాండులో అడిగేవాళ్లు, "తోక సకినాలామె ఇల్లు ఏ దిక్కు?" అని.

బియ్యప్పిండిని వేళ్లతో చుట్లు చుట్లుగా తిప్పుతూ సకినం పోసేటప్పుడు చివరి చుట్టు కొసను అందరూ లోపలి చుట్టుకు అతికిస్తారు. వదిన అతికించదు. చిటికెన వేలి గోరంత కొసను బయటికి వదిలేస్తుంది. నూనెలో వేగాక అది కొంచెం పైకి లేచి నిలబడుతుంది. అదే తోక.

దీన్ని బ్రాండ్ చేస్తానని నేనే ముందుకొచ్చాను. వదిన అడగలేదు. మంచి వెలుతురులో ఒక సకినాన్ని ఫోటో తీసి డబ్బాకు డిజైన్ చేస్తుంటే తోక నా కంటికి అడ్డం పడింది. విరిగిన ముక్కలా, చేత కానివాళ్లు చేసినట్టు కనిపించింది. చెరిపేశాను. పక్కన నమ్మకం కోసం ఒక మనిషి ముఖం ఉండాలనిపించింది. నా ఫోటో పెట్టాను. వదిన ఫోటో ఎందుకు పెట్టలేదంటే, ఆమె సిగ్గుపడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆమెను మాత్రం అడగలేదు.

డబ్బాలు తీసుకుని ఊరికి వెళితే, వదిన బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గిది నేను చుట్టింది కాదు గద."

"నువ్వు చుట్టిందే వదినా. జర సాపు చేసిన."

"మరి లోపటివి గిట్ల ఉండయి. జనం అడుగరా?"

"అందుకే చెప్తున్న. రేపటి సంది కొస అతికియ్యి. బొమ్మ, సరుకు ఒక్క తీరుగుండాలె."

ఆమె డబ్బాను పక్కన పెట్టింది. తర్వాత, "సదువుకున్నోనివి, నీకే ఎరుక" అంది. ఆ మాటలో ఒప్పుకోవడం ఎంత ఉందో, ఎత్తిపొడుపు ఎంత ఉందో అప్పుడు నేను వెతకలేదు.

మొదటి డబ్బాలు కొండగట్టు తీసుకుపోయి స్వామి ముందు పెట్టి తెచ్చాను. కరీంనగర్‌లో కొన్ని దుకాణాలవాళ్లు తీసుకున్నారు. కొన్నాళ్లు బాగానే పోయాయి. తర్వాత పాతవాళ్లు తగ్గడం మొదలైంది. ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే మాట, "మంచిగనే ఉన్నయి గని, గవి కావు." ఏవి కావు? అదే బియ్యం, అదే నువ్వులు, అదే చెయ్యి. డబ్బా రంగులో లోపం ఉందనుకుని ఎరుపును ఆకుపచ్చ చేశాను. పేరు బరువుగా ఉందనుకుని ఇంకో పేరు పెట్టాను. పాత డబ్బాలు అయిపోలేదు కాబట్టి అవీ నడిచాయి. చివరికి డబ్బా మీద ఒక పేరు, దుకాణంలో వేలాడే ఫ్లెక్సీ మీద ఒక పేరు, ఫోన్‌తో డబ్బులు పంపితే కనిపించేది నా భార్య పేరు. "ఎవలిది ఇది అసలు?" అని ఒకాయన అడిగితే నాకే జవాబు తడుముకోవాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఒక చెప్పుల దుకాణంవాడికి, పేరు ఒక్కటే ఉండాలని చెప్పి పంపించాను.

అప్పుడే నస్పూర్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. భర్త బొగ్గు గనిలో పని చేస్తాడు. వదిన దగ్గర మొదటి నుంచీ కొంటున్న మనిషి. బిడ్డకు ఒడిబియ్యం పోసేటప్పుడు పంచడానికి తెప్పించుకున్న సకినాలు మిగిలాయని, వచ్చి తీసుకుపొమ్మని చెప్పింది. వెళ్లాను. ఆమె డబ్బా తెరిచి ఒక సకినం విరిచి నా చేతిలో పెట్టింది, ఒక ముక్క తానూ నోట్లో వేసుకుంది.

"ఎట్లున్నది తమ్మీ?"

"ఎప్పటి లెక్కనే ఉన్నది అక్కా."

"నాకూ గట్లనే ఉన్నది. అయినా గివి ఆమెవి కావు."

"ఆమెనే చేసింది. నా కండ్ల ముంగట చుట్టింది."

"మరి తోకేది?"

నేను డబ్బా తిప్పి బొమ్మ చూపించబోయాను. ఆమె బొమ్మ వంక చూసి, నా వంక చూసింది.

"దీని మీద నువ్వున్నవు. నువ్వు చుడతవా సకినాలు?"

లోపలి గదిలో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"తోక సకినాలు తెప్పిస్తున్నా అని వారం సంది వాడంత చెప్పుకున్న. తీరా పంచినంక, దుకాణంల దొరికినయి తెచ్చి పంచిందన్నరు. ఇజ్జత్ పోయింది. ఆమెవే అని ఎట్ల చెప్పాలె నేను? ఎవరి మొఖం చూపియ్యాలె, నీదా?"

ఆ డబ్బాలు పట్టుకుని నేరుగా మా ఊరికి వెళ్లాను. వదిన అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో చాట. చాటలో బీడీలు చుట్టే తునికాకు, కత్తెర. నన్ను చూసి దాన్ని దాచుకోలేదు.

"ఆకెందుకు పట్టినవు వదినా?"

"మరేం పట్టాలె? ఈ నెల ఎన్ని డబ్బాలు పోయినయో నీకు తెల్వదా?" అని ఆగి, దగ్గి, "ఉప్పు ఎక్కువైతుందా మరిదీ? రెండు తీర్ల బియ్యం మార్చి చూసిన. ఓమ తక్కువేసిన. నా చెయ్యి పాడైందో ఏమో అర్థమైతలేదు" అంది.

ఇదే మాట ఆమె అంతకుముందు ఫోన్‌లో కూడా అడిగింది. మార్కెట్ డల్ ఉందని చెప్పి పెట్టేశాను. ఇన్నాళ్లూ ఆమె తన చేతినే అనుమానించింది. నా చేతిని నేను ఒక్కసారి కూడా అనుమానించలేదు.

నస్పూర్ సంగతి చెప్పాను. తోక చెరిపింది నేనే కాబట్టి తప్పు నాదేనని చెప్పాను. ఆమె కత్తెర పక్కన పెట్టింది.

"తోక నేను ఉత్తగ పెట్టలే. పెండ్లిండ్లల్ల పదిమందిమి కూసోని చుడుతం. ఒకే చీర మీద పోస్తం. ఎవరివి పెళుసుగొచ్చినయో, ఎవరివి విరిగినయో తెల్వాలె గద. మా అవ్వ నాకు గట్ల నేర్పింది. 'ఇది నా బిడ్డ చుట్టింది' అని దూరం నుంచి చూపెట్టెటందుకు."

ఇన్ని బోర్డులు ప్రింటు చేశాను. ఆమెకు అప్పటికే ఒక గుర్తు ఉందని నాకు ఎందుకు కనపడలేదో తెలియదు. మనుషులు దాన్ని నోటితో పిలిచి మరీ అడుగుతుంటే విన్నాను కూడా.

"మల్ల తోక పెట్టు వదినా."

"నీ బొమ్మనే గద ఉన్నది. నువ్వే చుట్టు" అంది. పిండి కలిపి, చీర పరిచి నిజంగానే నా ముందు పెట్టింది. నేను కూర్చున్నాను. రెండో చుట్టు దగ్గరే తెగింది. అన్న గోడకు ఒరిగి చూస్తూ, "ఫ్లెక్సీ కొట్టు, అందులనైతే మంచిగస్తది" అన్నాడు. వదిన నవ్వి పిండి తీసుకుంది. చకచకా అయిదు చుట్లు పోసింది. చివరికి వచ్చేసరికి ఆమె వేలు తనంతట తానే కొసను లోపలికి నొక్కేసింది. ఆమె దాన్ని చూసుకుని, గోటితో మెల్లగా పైకి లాగింది. అది తెగింది. మళ్లీ పోసింది.

కరీంనగర్ వచ్చి అసలు ఫోటో కోసం వెతికాను. లేదు. చెరిపినదాన్నే దాని మీద సేవ్ చేసుకున్నాను. మళ్లీ ఊరికి పోయి కొత్త ఫోటో తీయాల్సి వచ్చింది, ఈసారి పిండి అంటిన ఆమె చెయ్యి కూడా కనబడేలా. పేరు కూడా బస్టాండులో అడిగేదే పెట్టాను, అన్నింటి మీదా అదొక్కటే.

"ఇప్పుడేం చెరుపుతవ్?" అని అడిగింది వదిన, చెయ్యి కదలకుండా పట్టుకుని.

ఏమీ చెరపనని చెప్పాను. నస్పూర్ ఆమెకు మొదటి డబ్బా నేనే తీసుకుపోయి ఇచ్చాను. తీసుకుంది, కానీ మళ్లీ కావాలని ఇంకా ఫోన్ రాలేదు. వదిన బీడీల చాటను అటక మీద పెట్టలేదు. ఆకు తీసేసి, చెయ్యి చాపితే అందేంత దూరంలో గోడకు ఆనించింది. నేను వెళ్లినప్పుడల్లా ముందు దాన్నే చూస్తాను.